ఎడమ కాలికీ ఆట నేర్పిన సారు – రహీం సాబ్

హైదరాబాద్ ఆటల గురించి మాట్లాడుకుంటే క్రికెట్‌లో అజారుద్దీన్, టెన్నిస్‌లో సానియా మీర్జా, బ్యాడ్మింటన్‌లో గోపీచంద్, సైనా, సింధు పేర్లు వెంటనే మన నోట వస్తాయి. ఫుట్‌బాల్ అనగానే మాత్రం కలకత్తా, గోవా, కేరళ వైపు చూస్తాం. కానీ భారతదేశం ఫుట్‌బాల్‌లో ఆసియాను రెండుసార్లు గెలిచింది. ఒలింపిక్స్‌లో ఒకసారి నాలుగో స్థానంలో నిలిచింది. ఈ మూడు సందర్భాల్లోనూ ఆ జట్టుకు ఆట నేర్పింది మన నగరానికి చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాబ్.

వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక గొప్పవారి జీవితం వేసుకోవడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. అంబేద్కర్, పూలే, జాషువా వంటివారి గురించి మన అన్నలు ఎంతో బాగా రాశారు. ఈసారి మేము రహీం సాబ్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆయన స్వయంగా ఒలింపిక్స్‌లో గోల్ కొట్టినవాడు కాదు. మెడలో పతకాలు వేసుకున్నవాడూ కాదు. బూట్లు లేని పిల్లవాడిలో ఆటను చూసి, ఆ పిల్లవాడికి తక్కువైనది ఏమిటో కనిపెట్టి, దాన్ని సర్దిన మనిషి. అటువంటి మనిషి విలువ మన హాస్టల్ పిల్లలకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

బడిలో మొదలైన ఆట

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పటికి మనది నిజాం రాజ్యం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. రహీం అక్కడే ఆర్ట్స్ చదివి పట్టభద్రులయ్యారు. విశ్వవిద్యాలయం జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత నగరంలోని క్లబ్బుల తరఫున కూడా ఆడి మంచి ఆటగాడని పేరు తెచ్చుకున్నారు.

ఆయన వృత్తి మాత్రం ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పూర్తి చేసి, తిరిగి వచ్చాక బడుల్లో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఈ సంగతిని మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తర్వాత కాలంలో భారత జట్టుకు ఆయన చేసిన పనంతా ఒక మంచి పంతులు తరగతి గదిలో చేసే పనే. ఎవరికి ఏం వచ్చు, ఎవరికి ఏం రాదు, రానిదాన్ని ఎలా రప్పించాలి అన్నదే ఆయన ఆలోచన.

1943 ప్రాంతంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ఆయన కార్యదర్శి అయ్యారు. చనిపోయే వరకు ఆ బాధ్యతలోనే ఉన్నారు. 1950లో హైదరాబాద్ నగర పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. అదే కాలంలో భారత జట్టు బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది.

కలకత్తాను ఓడించిన పోలీసులు

ఆ రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ అంటే మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్. వాళ్ళకు డబ్బుంది, పేరుంది, వేలమంది అభిమానులున్నారు. హైదరాబాద్ నగర పోలీసు జట్టులో ఉన్నది జీతానికి పనిచేసే పోలీసులు. అయినా ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 సంవత్సరాల్లో గెలిచింది. రాష్ట్రం మారి జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టయ్యాక 1961లో మళ్ళీ గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58లో వరుసగా రెండుసార్లు తీసుకొచ్చింది.

ఇన్ని విజయాలు ఎలా వచ్చాయి? పోలీసుల ఒంట్లో బలం ఉంటుంది కాబట్టి గెలిచారని అనుకోవచ్చు. కానీ బలం ఎదుటి జట్టుకూ ఉంది. తేడా వచ్చింది నేర్పిన పద్ధతిలో.

అప్పటి మన ఆటగాళ్ళలో ఎక్కువమందికి బంతిని కాళ్ళ మధ్యే పెట్టుకుని ఒక్కరే నలుగురిని దాటిపోవాలనే మోజు ఉండేది. చూసేవాళ్ళకు అది బాగుంటుంది. చప్పట్లు వస్తాయి. కానీ జట్టుకు గోల్ రాదు. రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు పెట్టించారు. బంతి రాగానే ఒక్క తాకుతో పక్కవాడికి ఇచ్చెయ్యాలి. అలా ఆడాలంటే బంతి రాకముందే తల ఎత్తి మనవాళ్ళు ఎవరు ఎక్కడున్నారో చూసుకోవాలి. అంటే కాలి కంటే ముందు కన్ను పనిచెయ్యాలి.

రెండోది ఇంకా విచిత్రం. బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు పెట్టించారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఆ రోజు ఎడమ కాలితోనే తన్నాలి. ఎంత పెద్ద ఆటగాడైనా ఆ మైదానంలో నడక నేర్చుకునే పిల్లవాడిలా తడబడాల్సిందే. పక్కవాళ్ళు నవ్వుతారు. కానీ అందరిదీ అదే పరిస్థితి కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. కొన్ని నెలలు గడిచేసరికి ఆటగాడికి రెండు కాళ్ళూ పనికి వస్తాయి. ఎదుటి జట్టు డిఫెండరుకు ఇతను ఏ వైపు తిరుగుతాడో అంతుబట్టదు.

మూడోది చిన్న పిల్లల కోసం. ఎత్తు, బరువులను బట్టి టోర్నమెంట్లు పెట్టించారు. మన బడుల్లో ఏం జరుగుతుందో మనకు తెలుసు. ఒకే తరగతిలో ఒకడు మీసం వచ్చినవాడు, ఒకడు బక్కపలచని వాడు ఉంటారు. బక్కవాడిని ఎప్పుడూ జట్టులోకి తీసుకోరు. గట్టు మీద కూర్చోబెట్టి చెప్పులకు కాపలా పెడతారు. తమ ఎత్తువాళ్ళతో తాము ఆడితే ఆ బక్కవాళ్ళలో ఎవరి దగ్గర ఆట ఉందో బయటపడుతుంది.

ఈ మూడింటికీ ఖర్చు పెద్దగా ఉండదు. కావలసింది ఒక బంతి, కొంచెం జాగా, ఆలోచించే మనిషి.

అమ్ముగూడ కుర్రవాడు

రహీం సాబ్ తీర్చిదిద్దిన ఆటగాళ్ళలో తులసీదాస్ బలరాం కథ మనలాంటి వాళ్ళు తప్పక తెలుసుకోవాలి. బలరాంది సికింద్రాబాద్ పక్కన బొల్లారం వైపున్న అమ్ముగూడ. పేద తమిళ కుటుంబం. ఫుట్‌బాల్ మీద ఎంత ఇష్టమున్నా బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు తొడిగి వదిలేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని దగ్గర ఆట బూట్లు తయారు చేయించుకున్నాడని చెబుతారు.

ఈ కుర్రవాడి ఆట రహీం సాబ్ కంట్లో పడింది. నగరానికి వచ్చి శిక్షణలో చేరమన్నారు. ఎవరైనా అలా పిలిస్తే ఎగిరి గంతేస్తాం అనుకుంటాం. కానీ పేదింటి పిల్లవాడికి ముందు గుర్తొచ్చేది దారి ఖర్చు. అమ్ముగూడ నుండి నగరం నడిబొడ్డుకు రావాలంటే పదిహేను కిలోమీటర్లకు పైనే. రోజూ వచ్చిపోవడానికి తన దగ్గర డబ్బుల్లేవని బలరాం చెప్పాడు. రహీం సాబ్ అద్దె సైకిలుకు కిరాయి డబ్బులు తానే ఇచ్చి రప్పించుకున్నారు. ఈ మాట బలరాం గారు పెద్ద వయసులో కూడా కృతజ్ఞతతో చెప్పుకునేవారు.

ఆ సైకిలు కిరాయి ఎంత దూరం తీసుకెళ్ళిందో చూడండి. బలరాం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు, 1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. అదే ఏడాది అర్జున అవార్డు అందుకున్నారు. ఆ తరంలో చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురినీ కలిపి ఒకే ఊపిరిలో చెప్పుకునేవారు. అనారోగ్యం వల్ల 1963లోనే ఆయన ఆట ఆగిపోయింది. తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశారు.

ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. అమ్ముగూడలో పుడుతుంది, మన ఊళ్ళలో పుడుతుంది. అది ఆగిపోయేది చాలాసార్లు బస్సు చార్జీ దగ్గరే. మన తోటివాళ్ళలో ఎంతమంది పరీక్ష ఫీజు దగ్గరో, రూము అద్దె దగ్గరో ఆగిపోయారో మేము కళ్ళారా చూశాం. అందుకే ఆ సైకిలు కిరాయి మాకు చిన్న విషయంగా కనిపించలేదు.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951 మార్చిలో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. రహీం శిక్షణలో భారత జట్టు ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో ఓడించింది. ఫైనల్‌లో ఇరాన్ మీద సాహూ మేవాలాల్ కొట్టిన ఒకే ఒక గోల్‌తో గెలిచి స్వర్ణం అందుకుంది. కెప్టెన్ శైలేన్ మన్నా.

మరుసటి ఏడాదే పెద్ద దెబ్బ తగిలింది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 1-10 తేడాతో ఓడిపోయింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్స్‌తో 1-2తో గౌరవంగా ఓడారు. ఆ ధైర్యంతోనే హెల్సింకీ చలిలో కూడా చాలామంది వట్టి కాళ్ళతో దిగారు. ఫలితం ఘోరంగా వచ్చింది. ఆ తర్వాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి చేశారు.

పది గోల్స్ తిన్న జట్టు కోచ్ పదవి వదిలేసి వెళ్ళిపోవచ్చు, లేదా చలి మీదో అదృష్టం మీదో నెపం వెయ్యవచ్చు. రహీం సాబ్ గెలిచినవాళ్ళు ఎలా ఆడుతున్నారో చూసి నేర్చుకున్నారు. హెల్సింకీలో స్వర్ణం గెలిచింది హంగరీ. వాళ్ళ సెంటర్ ఫార్వర్డ్ గోలు ముందు నిలబడిపోకుండా వెనక్కి వచ్చి ఆడేవాడు. అతని వెంట డిఫెండరు వస్తే వెనక ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే అతనికి బంతితో తీరిక దొరుకుతుంది. అదే హంగరీ 1953లో ఇంగ్లండును వారి సొంత వెంబ్లీ మైదానంలోనే 6-3తో ఓడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. నలుగురు వెనక, ఇద్దరు మధ్యలో, నలుగురు ముందు ఉండే 4-2-4 పద్ధతి బ్రెజిల్ 1958లో ప్రపంచకప్ గెలిచాక అందరికీ తెలిసింది. అంతకు ముందే రహీం మన జట్టును ఆ దారిలోకి మళ్ళించారని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు.

ఆ మార్పు ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. హంగరీ పోటీ నుండి తప్పుకోవడంతో మన జట్టు నేరుగా ముందుకు వెళ్ళింది. డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను వారి గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన మొదటి ఆసియా ఆటగాడు ఆయనే. సెమీఫైనల్‌లో మళ్ళీ యుగోస్లావియానే ఎదురైంది. మొదటి గోల్ నెవిల్ కొట్టి మనల్ని ముందు నిలిపారు. చివరికి 1-4తో ఓడిపోయినా, నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ తిన్న జట్టు అదే ప్రత్యర్థిని కొంతసేపైనా వెనక్కి నెట్టింది. కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా 3-0తో గెలవడంతో మనకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో బలరాం, పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అంతా మన హైదరాబాద్ నేల నుండి వెళ్ళినవాళ్ళే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో కష్టమైన గ్రూపు పడింది. హంగరీతో 1-2తో ఓడాం. ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1తో సమానం చేశాం. పెరూతో 1-3తో ఓడాం. ఆ గోల్ కూడా బలరాందే. రహీం సాబ్ కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడా ఆ జట్టుతో రోమ్ వెళ్ళారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం ఆడింది అదే చివరిసారి.

జకార్తాలో చివరి పాఠం

1962లో ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం సాబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తోంది. ఒంట్లో బాగాలేకపోయినా జట్టు వెంట వెళ్ళారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్‌కు చేరాం. ఈలోగా దెబ్బలు తగిలాయి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆ తలతో బంతిని ఆపుతూ వెనక కాపలా కాయడం ప్రమాదం. అలాగని అంత బలమైన ఆటగాడిని కూర్చోబెట్టలేరు. జర్నైల్ ఒకప్పుడు ఫార్వర్డ్‌గా ఆడాడన్న సంగతి రహీం సాబ్‌కు గుర్తుంది. అతన్ని వెనక నుండి తీసి ముందుకు పంపారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌దే.

ఫైనల్ సెప్టెంబరు 4న. ఎదురుగా మొదటి ఆటలో మనల్ని ఓడించిన కొరియానే. స్టేడియంలో లక్షమంది దాకా జనం. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడంపై మన దేశానికి చెందిన క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధి అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా ప్రజలు మన మీద కోపంగా ఉన్నారు. మనవాళ్ళు బంతి తాకితే చాలు కేకలు, ఈలలు. ఆ జనంలో మన కోసం చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళేనని మన ఆటగాళ్ళు తర్వాత చెప్పుకునేవారు.

కొరియా ఆటగాళ్ళను ఎదుర్కోవడానికి ఎత్తైన గోల్‌కీపర్ కావాలని, జ్వరం నుండి అప్పుడే లేచిన మన హైదరాబాద్ తంగరాజ్‌ను రహీం సాబ్ గోలులో నిలబెట్టారు. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టారు. 20వ నిమిషంలో తలకు కట్టుతో ఉన్న జర్నైల్ రెండోది కొట్టారు. చివరలో కొరియా ఒకటి తిరిగి కొట్టినా 2-1తో స్వర్ణం మనదైంది. ఫైనల్ ముందు రోజు రాత్రి రహీం సాబ్ ఆటగాళ్ళను కూర్చోబెట్టుకుని ఈ బంగారాన్ని తనకు కానుకగా ఇవ్వమని అడిగారని కెప్టెన్ చునీ గోస్వామి తర్వాతి కాలంలో చెప్పేవారు. జీవితమంతా ఇచ్చిన మనిషి చివరిసారిగా అడిగిన మాట అది.

ఇంటికి తిరిగి వచ్చాక ఆయన మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53 ఏళ్ళు.

సారు పోయాక

ఆ తర్వాత భారత జట్టు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం మళ్ళీ గెలవలేదు. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. మన రాష్ట్రం 1965-66లో సంతోష్ ట్రోఫీని గెలిచింది. ఆ తర్వాత ఆ కప్పు మన వైపు రాలేదు. 2021-22లో, అప్పట్లో హైదరాబాద్ పేరుతో ఉండిన క్లబ్బు ఐఎస్‌ఎల్ గెలిచింది. 2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ చివరి దశ పోటీలు మన నగరంలోనే జరిగాయి. ఫైనల్ ఆడింది మాత్రం బెంగాల్, కేరళ.

శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి రహీం సాబ్ పోయి 22 ఏళ్ళు. 2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాక గానీ మన తరంలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. సనత్‌నగర్‌లో బస్సెక్కి బషీర్‌బాగ్‌లో దిగితే ఒకప్పటి ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం కనిపిస్తుంది. దాని ముందు నుండి కోచింగ్ పుస్తకాలు పట్టుకుని మనం ఎన్నిసార్లో వెళ్ళాం. ఈ నగరం ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిందని ఆ రోడ్డు మీద ఎవరూ మనకు చెప్పలేదు.

ఒక్క మనిషి పోతే ఒక ఆటే పోతుందా అని అడగవచ్చు. ఆట నేర్పే పద్ధతిని ఆయన ఒక్కరే భుజాన వేసుకుని మోశారు. చిన్నపిల్లల టోర్నమెంట్లు, ఎడమ కాలి పోటీలు, సైకిలు కిరాయి – వీటిని తర్వాత ఆ పట్టుదలతో మోసినవాళ్ళు కరువయ్యారు. అదే అసలు నష్టం.

మిత్రులారా! మనలో అందరం ఫుట్‌బాల్ ఆడం. కానీ మనలో ప్రతి ఒక్కరికీ ఒక ఎడమ కాలు ఉంది. కొందరికి అది ఇంగ్లీషు. కొందరికి లెక్కలు. కొందరికి నలుగురిలో నిలబడి మాట్లాడటం. దాన్ని దాచుకుని వచ్చినదాంతోనే నెట్టుకురావాలని చూస్తాం. ఒక్కరే తడబడితే సిగ్గేస్తుంది. అందరం కలిసి తడబడితే అది ఆటవుతుంది. రహీం సాబ్ కనిపెట్టింది ఇదే.

అందుకే రెండు చిన్న కోరికలు. ఈ ఏడాది వార్షికోత్సవ ఆటల పోటీల్లో అందరూ బలహీనమైన కాలితోనే ఆడే ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టమని వార్డెన్ గారిని అడుగుదాం. ఎప్పుడూ గట్టు మీద కూర్చునే తమ్ముళ్ళను ముందుగా అందులోకి పిలుద్దాం. ఇక ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకు మా మనవి ఒక్కటే. హాస్టల్‌కు వచ్చినప్పుడు సలహాలు చెప్పండి, వింటాం. దాంతోపాటు ఒక తమ్ముడి బస్ పాస్ సంగతి కూడా అడగండి. అమ్ముగూడ నుండి రోమ్ దాకా వెళ్ళిన దారి ఒక సైకిలు కిరాయితోనే మొదలైంది.